డీజిల్ కారుకి దిష్టి

డీజిల్ పొగ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో మేం దోహాలో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఉండేవాళ్ళం. ఇంజనీరైన నాన్న ఓ పాత అమెరికన్ డీజిల్ కారు చవగ్గా కొన్నాడు. అమ్మ దానికి పసుపు కుంకుమ అద్ది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. పక్కింట్లో డ్రైవరుగా చేసే కడప ఓబులేసు అది చూసి, "ఇదెందుకు కొంటిరి సార్? ఊరికూరికే ఇంజన్ పోతాది. గ్యారేజీలో ఎవురూ ముట్టుకోరు," అన్నాడు.

వారం తిరక్కుండానే అది నడిరోడ్డు మీద తెల్లటి పొగ కక్కి చచ్చింది. మండుటెండలో తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చింది ఓబులేసే. చెమటతో తడిసి ముద్దయిన ఆ మనిషి మీద ఎనిమిదేళ్ళ నేను అరిచాను: "నీ దిష్టే తగిలింది! మా కారు వైపు చూడకు!" నాన్న విని కూడా నోరు మెదపలేదు. అమ్మ అతని ఎదుటే ఎండుమిరపకాయలు తెచ్చి కారుకి దిష్టి తీసింది. "సరేలే పాపా," అని ఓబులేసు తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

మొన్న ఆ కారు సంగతి ఎత్తితే నాన్న పకపకా నవ్వాడు. "ఆ ఇంజన్‌ని అమెరికాలోనే ఎవరూ నమ్మలేదే. తెలిసే కొన్నా. అందుకేగా అంత చవగ్గా వచ్చింది!"

"మరి ఆ డ్రైవరు?" అన్నాను.

"ఏ డ్రైవరు?" అన్నాడు నాన్న.