లండన్ నుంచి పారిస్‌కు రెండున్నర గంటలు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే దిద్దుకోండి.

పంతొమ్మిదివందల ముప్పైలలో, మలయాలో బాగన్ దాతుక్ దగ్గర తెల్లదొర కొబ్బరి తోటలో కూలి చేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం నా భార్య నరసమ్మకు కొడుకు పుట్టాడు. రక్తం మాత్రం ఆగలేదు. ఆసుపత్రి పన్నెండు మైళ్ళు.

"ఎద్దుబండి మీదేస్తే కుదుపులకి బతకదురా. దొర కారు అడుగు, ఎల్లు!" అంది మంత్రసాని.

పరుగెత్తాను. బంగళా వరండాలో దొర తన విమాన ప్రయాణం గురించి గుమాస్తాకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. దొర మాట్లాడుతుంటే కూలివాడు నోరెత్తకూడదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గుమాస్తా నా వైపు తిరిగాడు. "ఇన్నావేట్రా? లండన్ నుంచి పారిస్ రెండొందల మైళ్ళు పైమాటే. దొరగారు రెండున్నర గంటల్లో ఎగిరెల్లినారు! దారంతా కక్కుకున్నారట!"

ఇద్దరూ నవ్వారు. దొర సంతోషంగా ఉంటే కారిస్తాడని నేనూ నవ్వాను. దాంతో దొరకు హుషారొచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మళ్ళీ నవ్వాను.

చివరికి అడిగాను. దొర ఉలిక్కిపడి లేచి డ్రైవరును కేకేశాడు.

"రాగానే ఎందుకు సెప్పలేదని అడుగుతున్నార్రా" అన్నాడు గుమాస్తా.

సగం దారిలో నరసమ్మ కళ్ళు తెరిచింది. "ఇంత సేపేటి మావా?"

"దొర ఇంట్లో లేడే" అన్నాను.

"పోన్లే" అంది. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

దొరను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. కానీ నవ్వమని ఆయన నన్ను అడగలేదు. ఈ సంగతి నా కొడుక్కి ఎన్నడూ చెప్పలేదు. వాడు ఈ పత్రిక చదువుతాడు.