రెండో టవర్ దగ్గర లాయిటరింగ్

కంచన్‌బాగ్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. మే నెల. వీపున కిట్ బ్యాగ్, చేతిలో ట్రంకు పెట్టె. అంతకుముందు సైన్యంలో ఆఖరి పోస్టింగ్ మంచు కొండల మీద. మూడు జతల మేజోళ్లు తొడుక్కుని పడుకున్న వాణ్ని తెచ్చి ఈ ఎండలో పడేశారు. మా ఊళ్లో చెబితే ఇదీ ఒక డ్యూటీయేనా అంటారు. "హైదరాబాదా? అయితే రోజూ బిర్యానీయే" అని నవ్వుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో సర్వీసు పూర్తయ్యాక మళ్లీ కాపలా దళంలో చేరాను. రక్షణ శాఖ సంస్థ ఒకదానికి కాపలా మా పని. లోపల ఏం తయారవుతుందో మాకు తెలియదు, అడగకూడదు. నాకు ఇచ్చింది రెండో టవర్. కింద ప్రహరీ గోడ, గోడ మీద ముళ్ల తీగ. అవతల రోడ్డు. రోడ్డుకు ఆవలి పక్క ఒక వేపచెట్టు. రెండు గంటలు డ్యూటీ, నాలుగు గంటలు విశ్రాంతి. రైఫిల్, నీళ్ల సీసా, వాకీటాకీ.

సాయంత్రం డ్యూటీ అంటే నాకు ప్రాణం. ఎండ తగ్గాక పాతబస్తీ ఇళ్లన్నీ పల్చటి దుమ్ములో తేలుతున్నట్టు కనిపించేవి. ఫలక్‌నుమా వైపు నుంచి రైలు కూత వచ్చేది. ఒక మసీదులో అజాన్ మొదలైతే, అది ముగిసేలోపు ఇంకోచోట, ఆపైన మరోచోట. కళ్లు తెరిచే ఉండేవాణ్ని. అయినా కలలో కాపలా కాస్తున్నట్టు ఉండేది.

టవర్ మెట్ల దగ్గర బోర్డు మీద ఇంగ్లిషులో ఆర్డర్లు రాసి ఉండేవి. గోడ బయట ఎవరినీ 'లాయిటర్' చేయనివ్వకూడదని అందులో ఒకటి. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పదో తరగతితో ఆగిన ఇంగ్లిషు నాది. మా సుబేదార్ సాబ్‌ను అడిగాను. ఆయనది నల్గొండ. మీసం ఎంత పెద్దదో గొంతూ అంతే.

"లాయిటర్ అంటే పనీపాట లేకుండ ఒక్కకాడ నిలబడుడు. పోడు, రాడు, ఊకె ఉంటడు. అసుంటోడు కనవడితే ఫస్ట్ నాకు చెప్పాలె. సమజైందా?"

"అయింది సాబ్. మా బావ పాన్‌షాపు దగ్గర చేసేది అదే."

"మీ బావ సంగతి నాకెందుకు? నువ్వు నీ గోడ సూస్కో."

కొత్త మాట దొరికితే ఊరుకుంటామా? బారక్‌లో వారం రోజులు అదే గోల. టీ ఆలస్యమైతే వంటవాడు లాయిటరింగ్. కురవకుండా తిరిగే మబ్బు లాయిటరింగ్. మా రేడియో ఆపరేటర్ ఒకరోజు గంభీరంగా, "రెండో టవర్, మీ గోడ పక్కన ఒక మేక లాయిటరింగ్, ఓవర్" అన్నాడు. సుబేదార్ సాబ్ విన్నారు. ఇద్దరం మైదానం చుట్టూ పరుగెత్తాం. మేక మాత్రం హాయిగా ఉంది.

డిసెంబరులో ఒక సాయంత్రం వేపచెట్టు కిందికి ఒక మనిషి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కా నిండా నూనె మరకలు. చేతిలో పొడవాటి వెదురు కర్ర, దాని చివర నల్ల గుడ్డ. లోపలికి చూస్తూ గుడ్డ ఊపాడు. ఈల వేశాడు. మళ్లీ ఊపాడు. రైఫిల్ అటు తిప్పాను.

"ఎవరయ్యా? కర్ర దించు!"

కర్ర కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు. "అన్నా, కాల్చకు! కబూతర్ కోసం వచ్చిన."

"ఏంటది?"

"పావురం అన్నా. నీ ఎన్కనే ఉంది సూడు, లైటు కంబం మీద."

తిరిగి చూశాను. బూడిద రంగు పావురం, రెక్కలు ముడుచుకుని. నిన్న కూడా అక్కడే చూశాను. ఏదో అడవిదనుకున్నాను.

అతని పేరు యాదగిరి. ఫలక్‌నుమాలో లేత్ మిషన్ పని. డాబా మీద పావురాలు పెంచుతాడు. పాతబస్తీలో చాలామందికి అదొక పిచ్చి. సాయంత్రం గుంపును ఎగరేసి, గుడ్డ ఊపి, ఈల వేసి దించుకుంటారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"మొన్న డేగ తరిమింది. బెదిరి ఈడికొచ్చి కూసుంది. ఒక్కతి లేవదన్నా. ఇంటికాడ రెండు పిల్లలున్నయ్, కండ్లు గూడ తెరవలే. మొగది మేత పెడ్తది గని రాత్రి పొదిగేది తల్లే. రెండు రాత్రులు పాతగుడ్డల సుట్టి కాపాడినం. ఇయ్యాల గూడ పోకుంటే సలికి సస్తయ్."

ఇంతలో వాకీటాకీలో సుబేదార్ సాబ్ గొంతు గరగరలాడింది. మూడో టవర్ వాడు అప్పటికే ఆయనకు కబురు చేశాడు.

"రెండో టవర్, నీ ముంగట ఒకడు లోపటికి సిగ్నల్ ఇస్తుండట. లాయిటరింగేనా? అవునా, కాదా?"

అవునంటే అయిదు నిమిషాల్లో మా వాళ్లు వచ్చి పట్టుకుంటారు. పోలీసులకు అప్పగిస్తారు. ఆ ప్రశ్నలు ఒక్క రాత్రితో తెమలవు. కాదంటే, రేపు వాడు ఇంకెవడో అని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది. నాకు భయమేసింది. దాచను.

"రెండో టవర్! చెప్పు!"

"కాదు సాబ్. ఎదురు చూస్తున్నాడు."

"దేనికి?"

"పావురానికి సాబ్."

తర్వాత సుబేదార్ సాబ్ ఇద్దరు గార్డులతో తానే చెట్టు దగ్గరికి వచ్చారు. యాదగిరి గుర్తింపు కార్డు చూశారు, జేబులు తడిమించారు, గుడ్డ విప్పించారు. ఆఖర్న తలెత్తి స్తంభం వైపు చూశారు.

"గుడ్డ ఊపుడు బంద్. లోపటికి గూడ రానియ్య. ఇంకేమన్న తరీఖా ఉందా?"

"ఉంది సార్. నా గుంపు మొత్తం ఈడ ఎగరేస్తే దాంట్ల కలుస్తది. బామ్మర్దితోని తెప్పిస్త."

"పొద్దుగూకే దాంక టైమ్. ఆ తర్వాత ఉన్నవనుకో, అది లాయిటరింగే. నా చేతుల ఏం లేదు."

బామ్మర్ది స్కూటర్ మీద బుట్ట తెచ్చేసరికి సూర్యుడు ఇళ్ల కప్పులను తాకుతున్నాడు. మూత తీయగానే ఇరవై పావురాలు ఒక్కసారి లేచాయి. ఒక చుట్టు తిరిగాయి. బూడిదది కదలలేదు. రెండో చుట్టులో మెడ సాచి చూసింది, అంతే. సుబేదార్ సాబ్ గడియారం చూసుకున్నారు. గుంపు ఫలక్‌నుమా వైపు మళ్లింది. యాదగిరి కుడిచేయి దానంతటదే గాల్లో ఊగుతోంది, కర్ర లేకుండానే.

"లేవే తల్లీ" అన్నాను. సెంట్రీ డ్యూటీలో నోరు మెదపకూడదు.

లేచింది. రెక్కల చప్పుడు నా టోపీ మీదుగా వెళ్లింది. గుంపులో కలిశాక ఇక వాటిలో అదేదో నాకు తెలియలేదు.

కాసేపటికి యాదగిరి ఫోన్ మోగింది. డాబా మీద నుంచి అతని భార్య.

"వచ్చిందట సార్! పిల్లల మీద కూసుందట!"

రెండేళ్లకు నేను దళం నుంచి కూడా తప్పుకుని మా ఊరు వచ్చేశాను. ఇప్పుడు కొబ్బరి తోట చూసుకుంటున్నాను. మంచు కొండలు కలలోకి రావడం మానేశాయి. ఆ సాయంత్రం మాత్రం వస్తూనే ఉంటుంది, అదీ పావురం వెళ్లిపోయిన తర్వాతి ముక్కే.

చీకటి పడుతోంది. బామ్మర్ది స్కూటర్ స్టార్ట్ చేసి పిలుస్తున్నాడు. యాదగిరి కదలడం లేదు. గడువు అయిపోయింది, పనీ అయిపోయింది. ఉత్త చేతులతో, ఖాళీ ఆకాశం చూస్తూ, నవ్వుతూ నిలబడ్డాడు. ఆర్డర్ ఆర్డరే. బటన్ నొక్కాను.

"సాబ్, ఇప్పుడు మాత్రం లాయిటరింగే."

సుబేదార్ సాబ్ నడుముకున్న వాకీటాకీలోంచి నా గొంతు నాకే వినిపించింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, యాదగిరి పక్కనే నిలబడి పైకి చూస్తున్నారు. తల దించలేదు.