పనస జిగురు

నిన్న ఆదివారం ఉదయం పదింపావుకు మా కోడలు పనసపండు కోసింది. సెలవులు అయిపోయాయని మొహం ముడుచుకున్న మనవరాలి కోసమట. ఆ వాసనకి మా నాన్న మీద పాత చిరాకు మళ్ళీ వచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కవిటిలో అమ్మ పుట్టింట, తాత తోటలో వేసవంతా గడిపి కాశీబుగ్గ వచ్చాక అన్నం సయించలేదు. తెల్లారితే బడి. నా దిగులు పోగొట్టాలని, తాత పంపిన పనసపండు ముందేసుకుని నాన్న కూర్చున్నాడు. ఆయన పుట్టింది టెక్కలి టౌన్లో. ఎవరైనా తొనలు ఒలిచిపెడితే తినడమే తెలుసు. తాత మాత్రం కోసేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకునేవాడు. చేతులు బీటలు వారాయి కాబట్టి రాసుకుంటున్నాడనుకున్నాను. నాన్నవి నున్నటి చేతులు. అందుకే నేనేమీ చెప్పలేదు.

కత్తి చేతికి అతుక్కుపోయింది. నేను బెదిరి ఏడుపు మొదలుపెడితే, నాన్న కత్తి విదిలించుకుని అదే జిగురు చేత్తో నా కుడి జడ నిమిరాడు.

అమ్మ పరుగున వచ్చింది. "ఏటి మావా ఇది! నూనె రాయకుండా పనస కోసినోడ్ని నేనెక్కడా సూడనేదు. రేపు పిల్ల బడికెలాగెల్తది?"

"కిరసనాయిలు రాత్తే పోతాదిలేయే."

"పోతాది, జుట్టుతో సహా!"

అమ్మ కత్తెర తెచ్చేసరికి నాన్న రెండు అరచేతులూ అంటుకుపోయి, ఆమెకు దండం పెడుతున్నట్టు నిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు.

ఒక పిల్లని నవ్వించడానికి అంత నష్టం అక్కరలేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ రోజు పోయినవి: ఒక తువ్వాలు, నాన్న తెల్లచొక్కా, కుడి జడ జానెడు, సమంగా ఉండాలని ఎడమది జానెడు, నా దిగులు.