టింగ్, టంగ్, డబ్

పళ్ళ డాక్టరుగారు మనుషుల మొహాలు చూడరు, కార్ల చక్రాలే చూస్తారు. అందులోనూ పాతకాలపు స్పోర్ట్స్ కారుకి కంపెనీవాళ్ళు పుట్టుకతో బిగించిన అల్లాయ్ చక్రాలు కనిపిస్తే ఇక ఆయనకు ఒళ్ళు తెలియదు. పక్కింటాయన మీసం తీసేసి ఏడాదైనా గమనించలేదు. అదే పక్కింటాయన కారుకి చక్రం ఒకటి మారిన రోజు మాత్రం పరామర్శకు వెళ్ళొచ్చారు.

ఆయన పరీక్ష పద్ధతే వేరు. పళ్ళ వెనక చూడటానికి నోట్లో పెట్టే చిన్న అద్దం ఉంటుంది కదా, దాన్ని చక్రం ఊచల సందులో దూర్చి వెనకవైపు చూస్తారు. తర్వాత ఆ అద్దం పిడితోనే ఊచ మీద కొడతారు. 'టింగ్' అంటే పాతరకం. 'టంగ్' అంటే కొత్తరకం. 'డబ్' అంటే దొంగరకం. ముందునుంచి చూస్తే మూడూ కవలలే, తేడా అంతా వీపున ఉంటుంది. మొదట్లో పోతపోసినవాటికి ఊచలు సన్నం, వెనక దోనెలా గుంట. మలుపుల్లో పగులుతున్నాయని కంపెనీవాళ్ళు తర్వాత ఆ గుంట పూడ్చి ఊచల్ని లావు చేశారు. ఇదంతా ఆయన భార్యకు పెళ్ళైన కొత్తలోనే కంఠతా వచ్చేసింది, సరసాలకు బదులు ఆయన ఇవే చెప్పారు గనక. చక్రాల అద్దం పొరపాటున రోగుల నోట్లోకి పోకుండా దాని పిడికి ఎర్రదారం కట్టింది కూడా ఆవిడే.

ఒకసారి రోగి నోరు తెరిపించి, అంతలో కిటికీలోంచి పాత కారొకటి కనబడేసరికి, ఎర్రదారం అద్దం పట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. మూయమని చెప్పలేదు గనక రోగి నోరు తెరుచుకునే వెనకాల వచ్చాడు. ఈయన వంగి చక్రాన్నీ, రోగి వంగి ఈయన్నీ చూస్తుంటే, కారాయన ఇద్దర్నీ చూసి కారు వదిలేసి పారిపోయాడు.

డాక్టరుగారికీ ఒక కారుంది, షెడ్డులో, దుప్పటి కింద. దానికి పాతరకం చక్రాలు మూడే దొరికాయి. నాలుగో మూల ఇటుకల మీద నిలబడింది. కొత్తరకం ఎక్కడైనా దొరుకుతుంది, అదొకటి పెట్టుకుని హాయిగా తిరగొచ్చుగా అని భార్య చెప్పి చూసింది. పై పన్ను ఊడితే కింది పన్ను పెడతామా అని ఆయన కసురుకున్నారు.

ఇంత నిష్ఠ గల మనిషికి నోరు అదుపులో పెట్టుకోవడం ఎక్కణ్ణించి వస్తుంది? బ్యాంకు మేనేజరు తన కారు చూపించడానికి పదిమందిని పిలిస్తే, ఈయన నాలుగు చక్రాలూ కొట్టి చూసి, "అన్నీ డబ్బేనండీ, కట్టుడుపళ్ళు" అని తేల్చేశారు. ఆ మేనేజరు ఇప్పుడు వీళ్ళు ఎదురైతే వీధి మారతాడు.

అందుకే, తను ఇష్టపడ్డ అబ్బాయి అమ్మానాన్నలు సంబంధం మాట్లాడటానికి పాత స్పోర్ట్స్ కారులో వస్తున్నారని కూతురు చెప్పగానే, భార్య వెంటనే రంగంలోకి దిగింది. అద్దం తీసుకెళ్ళి పిండి డబ్బాలో పాతిపెట్టింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కరోజూ మొహాలు చూసి మాట్లాడు," అని కూతురు బతిమాలుకుంది. ఆయన మాటిచ్చారు.

కారొచ్చి గుమ్మం ముందు ఆగింది. డాక్టరుగారు ఎదురెళ్ళి వినయంగా నమస్కారం పెట్టారు, ముందు చక్రానికి. ఆయన చొక్కా జేబులోంచి ఎర్రదారం వేలాడుతోంది. జేబు చుట్టూ పిండి.

టంగ్. టంగ్. టంగ్. భార్య ఊపిరి పీల్చుకోబోయింది. నాలుగో చక్రం టింగ్ అంది.

ఇన్నేళ్ళుగా ఆయన దేవులాడుతున్న పాతరకం చక్రం, తన రకం కాని మూడు చక్రాల పక్కన చేరి నిక్షేపంగా ఊరేగుతోంది. సరిగ్గా అప్పుడే అబ్బాయి తల్లి మురిపెంగా ముందుకొచ్చింది.

"ఆ నాలుగోది నేనే తెచ్చానండీ. చక్రం విరిగి కారు మూలపడితే ఈయన దిగులు చూడలేకపోయాను. చెప్పకుండా ఊళ్ళన్నీ తిరిగి పట్టుకొచ్చాను. మిగతా మూడింటితో సరిగ్గా కలిసింది కదా?"

డాక్టరుగారు ఇంకా చక్రం ముందే వంగి ఉన్నారు. కూతురు కళ్ళు మూసుకుంది. కొత్తరకం ఇస్తాను, మార్చుకుందాం అని ఆయన ఒక్కమాటంటే రెండు కార్లూ బాగుపడతాయి, పెళ్ళి మాత్రం ఇటుకలెక్కుతుంది. ఆయన అద్దాన్ని ఊచల్లోంచి మెల్లగా బయటికి తీశారు, ఇటూ అటూ తిప్పారు. లేచి నిలబడి అబ్బాయి తల్లి మొహంలోకి చూశారు.

"అమ్మా, నాలుగూ అసలువే. మీరు తెచ్చింది మాత్రం మిగతా మూడింటికన్నా గొప్పది. ఎవరడిగినా దాన్ని ఇవ్వకండి. నేనడిగినా సరే."

"విన్నారా?" అని ఆవిడ మొగుడివైపు గర్వంగా తిరిగింది. ఆయన డాక్టరుగారిని కావలించుకుని చాలాసేపు వదల్లేదు, వదిలేసరికి ఇద్దరికీ పిండి అంటుకుంది. సాయంత్రానికల్లా సంబంధం ఖాయమైంది.

వాళ్ళు వెళ్ళాక భార్య షెడ్డులోకి వచ్చింది. ఆయన ఇటుకల పక్కన కూర్చుని ఉన్నారు.

"టింగ్ అనడం నాకూ వినబడింది. ఎలా వదులుకున్నారండీ?"

"అద్దం బయటికి తీస్తుంటే అందులో అబ్బాయి తండ్రి కనిపించాడే. పెళ్ళాం భుజం వెనక నిలబడి నాకు రెండు చేతులూ జోడిస్తున్నాడు. పాపం, ఆ తేడా ఆయనకు ఎప్పణ్ణించో తెలుసు."

"అయితే మీరు మొహాలు చూస్తారన్నమాట."

"చూడకపోతే ఎలా? పొద్దున నీ ముక్కు మీద పిండి చూశాకే గదా డబ్బా మూత తీశాను."

ఆవిడ గబుక్కున ముక్కు తుడుచుకుంది, సాయంత్రమైందన్న సంగతి మరిచిపోయి. నవ్వాగక పక్కనే కూలబడింది. ఆయన అద్దం పిడితో ఇటుకను కొట్టి చెవి ఒగ్గి విన్నారు. డబ్ అంది.

"ఫరవాలేదు," అన్నారు, "ఇటుకల్లో ఇది అసలుదే."