అలసట రాకముందే

ఆ లాండ్రీలో ఎవరి పని ఏదో పెళ్లయిన కొత్తలోనే తేలిపోయింది. భర్తకి కౌంటరూ కబుర్లూ, భార్యకి లోపల ఇస్త్రీ బల్ల. ఆమె మడతపెట్టిన చొక్కా విప్పాలంటే మనసొప్పదని వీధిలో అందరూ అనేవారు.

నలభై దాటాక ఆమె వేళ్లు మొద్దుబారడం, తినేటప్పుడు చెయ్యి వణకడం మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కాళ్లు తనవి కానట్టు బరువెక్కేవి. ఇస్త్రీ పెట్టె వేడికి చూపు మసకేసేది. పరీక్షలన్నీ అయ్యాక మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. మెదడులో, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు.

మందులతోపాటు సలహాలూ వచ్చిపడ్డాయి. ఆడపడుచు రాగి కడియం తెచ్చింది. పక్క షాపాయన ఏదో నూనె ఇచ్చాడు. అందరిదీ "గ్యారంటీ" మాటే. కడియం వల్ల మణికట్టు పచ్చబడింది, అంతే.

అందుకే డాక్టరు ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపితే మూతి ముడుచుకునే వెళ్లింది. జబ్బుతోనే రోజువారీ పనులు ఎలా చేసుకోవచ్చో నేర్పే ఆ థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. "ఏ పని మానేయడం మీకు బాగా కష్టంగా ఉందమ్మా?" అని అడిగింది ముందుగా.

"చొక్కాలు. దుప్పట్లు ఎవరు చేసినా ఒకటే. చొక్కా మాత్రం నా చేతి మీదుగానే పోవాలి."

ఒకరోజు థెరపిస్టు షాపుకే వచ్చి, ఆమె పనిచేస్తుంటే ఓ మూల కూర్చుని చూసింది.

"అలసిపోయాక కాదమ్మా, అలసట రాకముందే ఆగండి. చొక్కాలు పొద్దున్నే, ఒంట్లో ఓపికున్నప్పుడే చేసెయ్యండి. ఎత్తు స్టూలు మీద కూర్చోండి. మెడకి తడిగుడ్డ, ఎదురుగా ఫ్యాను."

"ఇదీ గ్యారంటీయేనా?"

"కాదు. కానీ ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి ఇలా నేర్పి, కొందరికి నేర్పకుండా పోల్చి చూశారు. నేర్చుకున్నవాళ్లకి అలసట కాస్త తగ్గింది. జబ్బు పోలేదు, రోజు తేలికైంది." సంచిలోంచి బరువైన చెంచా తీసింది. "తింటుంటే చెయ్యి వణక్కుండా ఇది కొందరికి పనికొస్తుంది. అందరికీ పనిచేస్తుందో లేదో ఇంకా సరిగ్గా తెలీదు. వాడి చూడండి."

తెలీదని ఒప్పుకున్న మనిషి అప్పటికి ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెకు ఆ పిల్ల మీద గురి కుదిరింది.

చేతులు బాగా ఆడుతుండగా ఆగడమే అన్నిటికంటే కష్టమైంది. భర్త వచ్చి ప్లగ్గు పీకేసేవాడు.

"ఏవండీ, కాలరు మిగిలిపోయింది!"

"మిగలనీ. కాలరుకి కాళ్లొచ్చి పారిపోదులే."

దుప్పట్లు అతను తీసుకున్నాడు. మధ్యాహ్నం కునుకు తీశాక ఆమె కౌంటర్లో కూర్చునేది. "ఈ మరక పోదు" అని మొహం మీదే చెప్పేది. జనానికి అదీ నచ్చింది. అతను మాత్రం లోపల్నుంచే కేకలేసి కబుర్లాడుతూ ఓ దిండు గలీబు మాడ్చేశాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

ఓ చలికాలం జబ్బు తిరగబెట్టి మంచం పట్టింది. లేచాక చొక్కాలు ఇంకొన్ని తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టింది. చెంచా పనికిరాక తిరిగిచ్చేస్తే, థెరపిస్టు ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా తీసుకుంది.

ఒకప్పుడు సాయంత్రమైతే తిండి కూడా తినకుండా మంచం మీద వాలిపోయేది. ఇప్పుడు పేకాటకి కూర్చుంటోంది.

"వదినా, అన్నయ్య ముక్కల్లోకి తొంగిచూస్తున్నావు!" అంది ఆడపడుచు.

"చూపు మసకమ్మా నాకు," అంటూ ఆమె ఆట కొట్టేసింది.