మూడో కుప్ప

2014 మార్చి, పసుపు సీజన్. ఆర్మూర్‌లో మా నాన్నది అడ్తి దుకాణం, అంటే రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం. దాని వెనక షెడ్డులో రాళ్ల పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాను. హైదరాబాద్ ల్యాబ్‌లో చేయాల్సిన పని ఇంటికి మోసుకొచ్చానని అమ్మ రోజూ తిట్టేది. ఆ పసుపు దుమ్ముకు తుమ్మి తుమ్మి చచ్చేదాన్ని. ఇప్పుడు ఆ ఘాటు ఎక్కడ తగిలినా ప్రాణం లేచొస్తుంది.

నేను చదివే రాయి కింబర్లైట్. భూమిలో ఎంతో లోతున కరిగిన మాగ్మా పైకి తన్నుకొచ్చి గట్టిపడితే అయ్యేది ఇదే. వజ్రాలను మోసుకొస్తుంది కనుక అందరూ వజ్రాల సంగతే అడుగుతారు. నాకు కావలసింది, బయలుదేరినప్పుడు ఆ మాగ్మాలో ఏమేం ఉన్నాయన్నది. చిక్కేమిటంటే, అది దారిలో కనబడ్డ రాళ్లనల్లా పెరుక్కుని కలుపుకుంటుంది. ఆ పరాయి ముక్కల్ని జెనోలిత్‌లు అంటాం. రాయిని చితక్కొట్టి, వాటిని ఏరేసి, మిగిలినదే పొడి చేసి మెషిన్‌కు ఇవ్వాలి.

మా మాగ్మాలో పుట్టుకతోనే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఎక్కువని తేల్చి, మూడేళ్ల పనిని పేపర్‌గా పంపాను. నా ఉద్యోగం పర్మనెంట్ కావడం దాని మీదే ఆధారపడి ఉంది. జర్నల్ వాళ్లు ఇంకో రెండు శాంపిళ్లు చూపించమన్నారు. అందుకే ఈ ఏరడం.

లక్ష్మక్క మోర్తాడ్ నుంచి రోజూ ఆటోలో వచ్చేది. పసుపు కొమ్ముల్లోంచి గోళను, అంటే ధర తక్కువ పలికే గుండ్రటి దుంపను, వేరు చేయడం ఆమె పని. నా తంటాలు చూసి పక్కన చతికిలబడింది.

"నీతోని కాదు బిడ్డా, జరుగు."

లెన్స్ ఇస్తే పక్కన పడేసింది. గంటలో మూడు కుప్పలు పోసింది.

"రెండే గదక్కా ఉండాలె?"

"గిది నీ రాయి. గిది పరాయిది. గీ మూడోది నాకు తెల్వది. తెల్వనిది ఇరిచి చూడాలె. గిసొంటియి నువ్వు దేంట్ల ఏసినవ్?"

"మంచిదాంట్లనే. మెషిన్‌కు బరువు సరిపోలె."

ఆమె పకపకా నవ్వింది. "గోళ కలిపిన బస్తా మొత్తం గోళ ధరకే పోతది. మీ నాయినకు ఎరుకే, నీకు ఎరుక లేదా?"

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని, నాకు చెప్పొచ్చిందని. అయినా ఆ ముక్కలు విరిచాను. పైన నల్లటి పూత, సగానికి పైగా ముక్కల్లో లోపల గ్రానైట్. గ్రానైట్ నిండా సిలికా. నేను కనిపెట్టానని మురిసిపోయిన సిలికా, మాగ్మాకు దారిలో అంటుకున్నది.

పాత పొడిని ఎవరూ తిరిగి చూడరు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. మూడో రోజు మా గైడ్‌కు ఫోన్ చేశాను.

"మూడేళ్ల కష్టం, అమ్మా. ఆలోచించుకో," అన్నారాయన.

"నా లెక్క తప్పు, సార్. పేపర్ వెనక్కి తీసుకుంటాను."

ఆ పోస్టు ఇంకొకరికి పోయింది. ఆ మాట చెబితే లక్ష్మక్క ముఖం చిన్నబోయింది. "నేను నోరు మూసుకుంటే అయిపోతుండె గదా బిడ్డా," అంది. మర్నాడు తన పని కాగానే, పిలవకుండానే వచ్చి పెట్టె ముందు కూర్చుంది.

"మల్ల మొదటికెల్లి ఏరుదాం, పా."

ఎండాకాలమంతా ఏరాం. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ పని చేయలేదు.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే చోట విద్యార్థులు అంకెలు పట్టుకొస్తే, తెలియనివి ఎక్కడ పెట్టారని ముందు అడుగుతాను. వాళ్లను అడగడానికి నేనున్నాను. లక్ష్మక్క పోయి మూడేళ్లయింది. నన్ను అడిగేవాళ్లు లేరు.