మా వదిన చేతులు కట్టుకున్న రోజు

మా వదిన సైన్సు టీచరు. అదే బడిలో, పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు ‘అయ్యోపాపం టీచర్’. ఎవరి వేలు కాలినా, ఎవరి చేతిలో గాజు గొట్టం పగిలినా ముందు ఆవిడ నోట ఆ మాటే వస్తుంది. జాలి మంచిదే కానీ, ఆవిడది మోతాదు మించిన జాలి. ఇంట్లో మా అన్నయ్య చొక్కా గుండీలు కూడా తనే పెడుతుంది.

ఆవిడ క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకతె ఉంది. ప్రయోగం ఉన్న రోజున వదిన ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి, అంతా తనే చేసి, ఏం జరిగిందో చెప్పి, పదికి పది వేసేది. పిల్లను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నానని ఆవిడ నమ్మకం.

ఒకరోజు ఆ అమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. సైన్సు మానేసి సంగీతం క్లాసుకు మారతానంది. చూపు లేని పిల్లలకు బడిలో ఆ వీలుంది.

“ఎందుకమ్మా? పదికి పది వస్తున్నాయిగా!” అంది వదిన.

“చేసేది మీరేగా టీచర్. మావాళ్లందరికీ తప్పు చెయ్యడానికైనా ఛాన్సుంది. నాకు అదీ లేదు.”

వదిన ముఖం పాలిపోయింది. “ఒక్క వారం ఆగమ్మా. తర్వాత నీ ఇష్టం” అంది. ఆ పూట ఆవిడకు అన్నం సహించలేదు. నాకు బాధేసింది కానీ, ఓదార్చలేదు. పిల్ల చెప్పింది నిజమే కదా!

తర్వాతి వారం సైన్సు గదంతా ఉల్లిపాయ ఘాటు. తరిగిన ఉల్లిపాయల్లో ఊరబెట్టిన గుడ్డముక్కలు, ఒక్కొక్కరి ముందు నాలుగు గిన్నెలు. ముంచిన గుడ్డకు వాసన నిలిస్తే గిన్నెలో ఉన్నది ఆమ్లం, పోతే క్షారం. కళ్లతో పనే లేదు, ఎవరికీ.

ఎప్పుడూ ఫస్టొచ్చే కుర్రాడికి ఆ రోజే జలుబు. “టీచర్, నా ముక్కు సెలవు పెట్టింది!” అని మొత్తుకున్నాడు.

“పక్కవాళ్ల ముక్కు అరువు తెచ్చుకో. కారణం మాత్రం నువ్వే రాయాలి” అంది వదిన.

నాకు ఖాళీ పీరియడు కావడంతో తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ అమ్మాయి మొదటి గిన్నె క్షారమని సరిగ్గానే చెప్పింది. తర్వాత తొందరలో, వాసన పోయిన ఆ గుడ్డనే రెండో గిన్నెలో ముంచింది. వదిన చూసింది. చెయ్యి సగం దాకా వెళ్లింది. ఆవిడ చేతులు కట్టుకుని, పెదవి కొరుక్కుని, కిటికీ వైపు తిరిగి నిలబడింది. అన్నేళ్లలో ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది నాకు ఆవిడ మీద.

పిల్ల నాలుగూ క్షారాలే అని తేల్చింది.

“ఎన్నొచ్చాయి టీచర్?”

“పదికి ఐదు” అంది వదిన. “రెండు తప్పు. ఎక్కడ పొరపాటు చేశావో నువ్వే చెప్పు.”

అమ్మాయి బల్ల తడిమి, తన గుడ్డముక్క అందుకుని వాసన చూసింది. పక్కన పెట్టిన కొత్త ముక్కలు వేళ్లకు తగిలాయి.

“ఛ! వాడిన గుడ్డే మళ్లీ మళ్లీ ముంచాను” అంటూ పకపకా నవ్వింది. “సంగీతం సార్‌కి నేను రావట్లేదని చెప్పెయ్యండి టీచర్. ఆ గిన్నెలు మాత్రం తీసెయ్యకండి. ఇంకోసారి చేస్తా.”